ముందు నట్టు, తర్వాత నోరు

నా బండి బాగుచేసే మామ పోయాడని ఫోనొచ్చినప్పుడు నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. తిరుమణి దగ్గర బోరు కింద బండి నిలబెట్టి ట్యాంకుకు నీళ్లు పట్టుకుంటున్నాను. ఆయన ఊరివాడెవరో ఫోను చేసి, "మామ పోయినాడప్పా, పొద్దున్నే. టీ తాగి కూర్చున్నోడు కూర్చున్నట్టే" అన్నాడు. "అదేంది, గురువారం నా బండికి పైపు వేస్తానన్నాడు కదా!" అనేశాను. అవతలివాడు ఫోను పెట్టేశాడు. నా నోటి సంగతి అది. ఆ నోటి గురించే ఆయన నన్ను ఆరేళ్లు తిట్టాడు.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను. కానీ ఆయన నన్ను పెట్టిన తిప్పలు ముందు చెప్పకపోతే ఆ మంచి ఎవరికీ అర్థం కాదు.

నాది పాత పికప్పు. సోలార్ పార్కు కట్టేటప్పుడు ప్యానెళ్లు బిగించడానికి వచ్చిన కంపెనీ ఒకటి, పనయ్యాక సామాను అమ్ముకుని పోతూ దాన్నీ అమ్మేసింది. అప్పటికే మా చేను ప్యానెళ్ల కిందికి పోయింది. శెనక్కాయ విత్తే కాలం వచ్చినా చేతికి పని లేక ఇంట్లో అందరి మీదా అరుస్తూ కూర్చునేవాణ్ని. బండి కొని, వెనక నీళ్ల ట్యాంకు, చిన్న మోటారు పెట్టుకుని, ప్యానెళ్లు కడిగే ఆడవాళ్లకు నీళ్లు తోలే పని పట్టాను. "చేను పోతే పోయిందిలే, ఇంక ఇదే మన చేను" అని ఇంట్లో గొప్పగా చెప్పాను కూడా. తీరా చూస్తే అది గేర్లు తనంతట తానే మార్చుకునే రకం. క్లచ్చు లేదు. నాకు రాజభోగంగా ఉండేది. పావగడ మెకానిక్కులకు మాత్రం అది దయ్యం పట్టిన బండి. బానెట్ ఎత్తి చూసి, మళ్లీ మెల్లగా మూసి, "బెంగళూరుకి తీసకపోప్పా" అనేవాళ్లు.

ఆ బండికి ఒకటే రోగం. గేర్ల పెట్టెలో నూనె కాగిపోతుంది. దాన్ని చల్లార్చడానికి ముందున్న రేడియేటర్ దాకా ఒక సన్నటి ఇనుప పైపు తీసుకుపోతుంది, చల్లారిన నూనెను ఇంకో పైపు వెనక్కి తెస్తుంది. రెండూ బండి కడుపు కింద పక్కపక్కనే ఉంటాయి. పాతబడి, తుప్పు తిని, కారడం మొదలుపెట్టాయి. కారితే నాకేమి, ఇంత నూనె పోసుకుని తిరుగుదును. కానీ పార్కు గేటు దగ్గర రూలుంది. సెక్యూరిటీవాడు పొడుగు కర్రకు కట్టిన అద్దం బండి కిందికి తోసి చూస్తాడు. నూనె చుక్క కనబడితే బండి లోపలికి పోదు. అట్లా మాటిమాటికీ అయితే పాసే పోతుంది. పాసు పోతే నా కొత్త చేను కూడా పోయినట్టే.

అట్లా నేను నిడుగల్లు పోయే దారిలో ఆయన షెడ్డుకు చేరాను. నాలుగు రేకులు, వెనక కొండ, ముందర ఒక రాతి బండ. బండ మీద ఆయన. బీడీ వెలగదు, ఆరిపోదు, పెదవి మీద అట్లాగే ఉంటుంది.

"ఏంది రోగం?"

"కారతాండాది మామా."

"కారతాండాదా, చెమరస్తాండాదా?"

"రెండూ ఒకటే కదా."

నేను చేసిన మొదటి తప్పు అది. ఆయన బండ మీది నుంచి లేచి వచ్చి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఒకటెట్లయితాదప్పా? నీకు చెమట పడితే ఆస్పత్రికి పోతావా? నెత్తురు కారితే పోతావు. చెమట ఏరే, నెత్తురు ఏరే."

అని బిస్కట్ల అట్టపెట్టె ఒకటి చించి, బండి కింద పరిచి, మూలల్లో నాలుగు రాళ్లు పెట్టాడు. "పో. రేపు రా" అన్నాడు. రేపు నాకు గేటు దగ్గర పనుందని మొత్తుకున్నాను. ఎప్పుడైతుందో కచ్చితంగా చెప్పమన్నాను. "వాన ఎప్పుడొస్తాదో నువ్వు చెప్పు, పని ఎప్పుడైతాదో నేను చెప్తా" అన్నాడు. మా తాలూకాలో ఆ మాట అన్నవాడితో ఇంక వాదించడానికి ఏమీ ఉండదు.

అట్ట చూడకుండా ఆయన స్పానర్ ముట్టడు. ఎవరి బండైనా సరే, పెళ్లివాళ్ల జీపైనా సరే, ముందు అట్ట మీద ఒక రాత్రి నిద్ర చేయాల్సిందే. మరుసటి రోజు ఆ అట్ట ఎండలోకి తెచ్చి, మరకలన్నీ పంచాంగం చదివినట్టు చదివేవాడు. ఇది నల్లగా ఉంది కాబట్టి ఇంజనుది, ఇది పాతది, దీన్ని వదిలెయ్. ఇది ఎర్రగా ఉంది, ఇది గేర్లది. ఇది గుండ్రంగా పడింది, నిలబడినప్పుడు పడింది. చదువుతుంటే మధ్యలో మాట్లాడకూడదు. మాట్లాడితే మొదటి నుంచి చదువుతాడు. నేను ఆరేళ్లలో ఎన్నిసార్లు మొదటి నుంచి చదివించి ఉంటానో లెక్కలేదు.

ఆ తర్వాత చేయి పరీక్ష. ఇంజను కాసేపు తిప్పి, కిందికి దూరి, రెండు పైపుల మీదా మునివేళ్ల వెనక భాగం ఆనించేవాడు. రెంట్లో కాలేది పోయేది, కాలనిది వచ్చేది. ఆ పైపులకు ఆయన పెట్టుకున్న పేర్లు అవే: పోయేది, వచ్చేది. "పోయేది యాదో వచ్చేది యాదో తెలీనోడు బండి కిందికి దూరగూడదు" అనేవాడు. నన్ను కూడా దూరమన్నాడు. చేయి కాల్చుకుని బయటికి వచ్చాను. "ఆఁ, అదే పోయేది" అన్నాడు తీరిగ్గా.

ఆయన తీరిక నాకు కడుపుమంట. ఒకసారి ఆ మంట పట్టలేక, ఆయనకు చెప్పకుండా, కారే చోట పైపు కోసేసి పెట్రోలు పోసే రబ్బరు గొట్టం ముక్క ఒకటి తొడిగి, రెండు క్లిప్పులు బిగించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. వేడినూనెకు ఆ రబ్బరు ఉబ్బి, వల్లూరు దాటాక పగిలింది. రోడ్డు మీద ఎర్రటి గీత గీసుకుంటూ వెళ్లాను. తర్వాత ఎడ్లబండి వెనక కట్టి లాగించుకుని ఆయన షెడ్డుకే చేరాల్సి వచ్చింది. ఆయన ఆ గొట్టం ముక్క ఊడదీసి, రెండు వేళ్లతో పట్టుకుని, "నీ తెలివి యాడ పెట్టాలప్పా?" అని అడిగాడు. దాన్ని షెడ్డు గుంజకున్న మేకుకు తగిలించాడు. అప్పట్నుంచి ఎవరొచ్చినా, "అదేంది మామా?" అంటే, నన్ను చూపించి "అదా, ఆయప్ప తెలివి" అనేవాడు.

పైపు వంచేటప్పుడు మాత్రం ఆయన్ను చూస్తూ కూర్చోవాలనిపించేది. ఆయన చేలో బావి ఎండిపోయి ఏళ్లయింది. దాని గిలక పీకి తెచ్చి షెడ్డులో గుంజకు బిగించుకున్నాడు. కొత్త పైపులో సన్న ఇసుక పోసి, రెండు మూతులూ గుడ్డతో మూసి, పాత పైపును మాదిరికి పక్కన పెట్టుకుని, ఆ గిలక చుట్టూ మెల్లమెల్లగా వంచేవాడు. లోపల ఇసుక ఉంటే పైపు నలగదు. "నీళ్లు తోడే పని పోయింది, ఇదన్నా చేయనీ" అనేవాడు గిలకను చూసి.

వంపులన్నీ అయ్యాక అసలు పని. పైపు కొస బిగించడానికి దానికి ఒక నట్టు ఎక్కించాలి. ఆ తర్వాత కొసను పనిముట్టుతో విప్పి గరాటులాగా వెడల్పు చేయాలి. దాన్ని ఆయన నోరు అనేవాడు. నోరు చేశాక నట్టు ఇంక ఎక్కదు. మరిచిపోతే ఆ నోరు కోసి పారేసి మళ్లీ చేయాల్సిందే, పైపు అంత పొట్టిదవుతుంది. అందుకని ప్రతిసారీ, ఎదురుగా ఎవరూ లేకపోయినా, పైకే అనేవాడు: "ముందు నట్టు, తర్వాత నోరు."

ఆ మాట పైపులతో ఆగితే బాగుండేది. ఆయనకు లోకమంతా పైపే. గొర్రెల సంతలో తొందరపడి ముందే ధర చెప్పేసి మోసపోయినవాడు కనబడితే "నట్టు మర్చినాడు" అనేవాడు. పెళ్లిమాటల్లో నోరు జారినవాడూ నట్టు మర్చినవాడే. ఇక నేనైతే పుట్టడమే నట్టు లేకుండా పుట్టానని ఆయన నమ్మకం. పక్కనే కూర్చుని అరచెయ్యి చూపిస్తూ, "సుమ్మనే కూర్చోప్పా" అనేవాడు. సుమ్మనే అంటే ఊరికే. ఊరికే కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు.

ఆయన నమ్మకం తప్పని చెప్పడానికి కూడా నాకు ఆధారం లేదు. ఎందుకంటే ట్రాన్స్‌మిషన్ సంగతి జరిగింది.

హిందూపురం సామాన్ల అంగడివాడు ఆ పైపులను ఇంగ్లీషులో ట్రాన్స్‌మిషన్ కూలర్ లైన్లు అంటారని నాకు నేర్పాడు. కొత్త మాట దొరికితే నాకు వాడేదాకా తోచదు. ఒకరోజు వల్లూరు గేటు దగ్గర బండి కారడం మొదలుపెట్టింది. సైటు సూపర్‌వైజరుకు ఫోను చేసి, కన్నడంలో, గొంతు బరువుగా పెట్టి, "సార్, ట్రాన్స్‌మిషన్ లైన్ లీక్ ఆగ్తా ఇదె" అన్నాను, లైను లీకవుతోందని. మధ్యలో కూలర్ అనే మాట మింగేశాను. మా వైపు గొర్రెలు కాసేవాణ్ని అడిగినా చెప్తాడు, ట్రాన్స్‌మిషన్ లైన్ అంటే పార్కులో పుట్టిన కరెంటును బయటికి మోసుకుపోయే పెద్ద టవర్ల తీగ. సూపర్‌వైజరు ఎక్కడ అని అడిగాడు. వల్లూరు గేటు దగ్గర అన్నాను. ఎంత లీకవుతోందన్నాడు. బాగానే అవుతోంది, కాలిన వాసన కూడా వస్తోంది, నేను దగ్గరే నిలబడి చూస్తున్నాను అన్నాను. "దూర హోగు! దూర హోగు!" అని ఫోనులో ఒకటే అరుపు. దూరం ఎందుకు పోవాలో నాకు తెలియలేదు.

తర్వాత జరిగింది చెప్పుకుంటే సిగ్గు. ప్యానెళ్లు కడిగే ఆడవాళ్లందరినీ పని ఆపించి రోడ్డు మీదికి పంపించారు. రెండు జీపులు దుమ్ము రేపుకుంటూ వచ్చాయి. హెల్మెట్లు పెట్టుకున్న ఐదారుగురు తలలు పైకెత్తి టవర్ల వైపు చూస్తుంటే, నేను వాళ్ల మధ్య నిలబడి కింద చూడండి కింద చూడండి అంటున్నాను. ఆడవాళ్లు మాత్రం గంటసేపు నీడలో కూర్చుని నన్ను దీవించారు. అప్పటినుంచి గేటు దగ్గర నా పేరు ట్రాన్స్‌మిషన్.

ఈ సంగతి విన్నప్పుడు ఆయన నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. బండ మీద కూర్చోలేక కిందికి జారి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. కళ్లు తుడుచుకుని, "కూలరు నీ నట్టప్పా. దాన్ని మర్చి నోరు తెరిచినావు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఇక ఆఖరిసారి. కోపంతో కాకుండా దీన్ని చెప్పాలని చూస్తున్నాను. ఆ కోపం ఎవరి మీదో మీకే తెలుస్తుంది.

గేటు దగ్గరికి కొత్త సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. పైపులు రెండూ పాతవి, సోమవారం తనిఖీకి మార్చుకుని రా, లేకపోతే పాసు రద్దు అన్నాడు. శనివారం పొద్దున్నే షెడ్డుకు పోయాను. దిగుతూనే మొదలుపెట్టాను. "మామా, ఈ దినం అట్టా గిట్టా ఏమీ వద్దు. రెండూ ఈ దినమే అయిపోవాల. నా పాసు పోతాది."

ఆశ్చర్యం, ఆయన తిట్టలేదు. వాన మాట కూడా ఎత్తలేదు. "సరేలేప్పా" అని గోనెసంచి పరిచి బండి కిందికి దూరాడు. నేను గెలిచాననుకున్నాను.

పోయేది ఊడదీయడానికే చాలాసేపు పట్టింది. స్పానర్ రెండుసార్లు చేయి జారి రాయి మీద పడి మోగింది. ఆయన చేతిలోంచి సామాను జారడం నేను అంతకుముందు చూడలేదు. గిలక దగ్గర పైపు వంచుతూ మధ్యలో ఆగి, ఎడమ చెయ్యి విదిలించుకున్నాడు. నీడలో ఉన్నాం, గాలి కూడా తోలుతోంది, అయినా ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది. తువ్వాలుతో మెడ తుడుచుకుని, "ఏందోప్పా, ఈ దినం ఒకటే చెమట" అన్నాడు.

నేను వాచీ చూసుకుంటున్నాను. "చెమటే కదా మామా! నెత్తురు కాదు కదా. ఆస్పత్రికి పోయే పన్లేదు, వంచు వంచు" అన్నాను.

ఆరేళ్ల తర్వాత ఆయన మాట ఆయనకే తిప్పికొట్టానని నాకు ఎంత సంతోషం! ఆయన కూడా నవ్వాడు. "నేర్చినావే!" అన్నాడు. మళ్లీ వంచడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం దాటాక పోయేది ఒక్కటే అయింది. వచ్చేదాన్ని తడిమి చూసి, దాని వంపులకు సరిగ్గా ఒక కమ్మి వంచి మాదిరికి పెట్టుకుని, "ఇది చెమరస్తాండాది అంతే, నాలుగు దినాలు నిలబడతాది. గురువారం రా, వేస్తా" అన్నాడు. నేను గొణుక్కుంటూ బండి తీశాను. పోయొస్తానని కూడా చెప్పలేదు. సోమవారం ఆఫీసరు అద్దం పెట్టి చూసి, కొత్త పైపును మెచ్చుకుని, రెండోదానికి పది రోజులు గడువు రాసిచ్చాడు. బుధవారం ఫోనొచ్చింది.

మట్టి చేసేటప్పుడు పోయాను. అక్కడ కూడా వేరే మెకానిక్కు యాడున్నాడా అని మనసులో వెతుక్కుంటూనే ఉన్నాను. ఒప్పుకుంటున్నాను. నేను అట్లాంటివాణ్నే.

గడువు ఇంకా రెండు రోజులుందనగా అత్త కబురు పంపింది. అత్త అంటే ఆయన భార్య. పోయేసరికి ఆ బండ మీదే కూర్చుని ఉంది. పక్కన గోనెసంచిలో చుట్టిన పొడుగాటిదేదో ఉంది.

"నీ పైపంట, తీసకపోప్పా" అంది. "శనివారం నువ్వు పోయినాక ఇంటికి రాలేదు. సంద పడేదాకా దీంతోనే కూర్చున్నాడు. చేతగాకుంటే పండుకో, గురువారం కదా ఆయప్ప వచ్చేది అంటే వినడే! ఆయప్పకు తొందరుండాది, పాసు పోతాది అన్నాడు."

సంచి విప్పాను. వచ్చేది. పాత పైపుకు ఎన్ని వంపులుంటాయో అన్ని వంపులూ ఉన్నాయి, ఎక్కడా నలగలేదు. ఒక కొస చూశాను. నట్టు ఎక్కించి, నోరు చేసి, నూనె రాసి పెట్టాడు. రెండో కొస చూశాను. నోరు ఉంది, గుండ్రంగా, నున్నగా. దాని వెనక నట్టు లేదు.

జారిపోయిందేమోనని సంచి దులిపాను. నోరు చేసిన పైపు మీది నుంచి నట్టు జారదని తెలిసి కూడా దులిపాను. ఆయన మర్చిపోయాడు. ఎదురుగా ఎవరూ లేకపోయినా పైకే అనుకునే మనిషి, లోకంలో అందరి నట్లూ లెక్కపెట్టిన మనిషి, తన నట్టు మర్చిపోయాడు. ఆ సాయంత్రం ఆయన ఒంట్లో ఎట్లా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు. ఆ చెమట ఏమిటో కూడా తెలిసింది. గుంజ మీద నా తెలివి ఇంకా వేలాడుతూనే ఉంది.

అత్త నా మొహమే చూస్తోంది.

"సరిగ్గా ఉండాదా చూడప్పా. ఆయన ఆఖరు పని."

నేను ఆ కొసనే తిప్పి తిప్పి చూస్తున్నాను.

"ఏమప్పా? ఏమన్నా తప్పుండాదా?"

నోటిదాకా వచ్చింది. మామూలుగా అయితే ఆమె అడగకముందే అనేసి ఉండేవాణ్ని. ఆ కొసను అరచేతిలో మూసి పట్టుకున్నాను. ఆరేళ్లుగా ఆయన చెప్పింది నేను చేసిన రోజు అదొక్కటే.

"ఏం లేదత్తా. సరిగ్గా ఉండాది."

"ఉంటాదిలే" అంది ఆమె. "ఆయన పనిలో తప్పు యాడుంటాది."

పైపు నేనే వేసుకున్నాను. ఆ నోరు కోయడానికి మాత్రం గడువు ఆఖరి రోజు దాకా చెయ్యి రాలేదు. నట్టు పావగడలో కొన్నాను. షెడ్డులో డబ్బా నిండా ఉన్నాయి, కానీ అడిగితే ఎందుకని అత్త అడుగుతుంది కదా.